బీమా లేని నెలలు

పెళ్లయ్యేనాటికి నేను నిడదవోలులో డ్రైవింగ్ స్కూల్ నడిపేవాణ్ని. నా భార్యది అమెరికాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. భార్య ఉద్యోగం కోసం భర్త వెళ్లడం మావైపు ఇంకా వింతే. "అక్కడికెళ్లి మీరేం చేస్తారండి?" అని అందరూ అడిగేవారు. వంట చేస్తానని నవ్వేసేవాణ్ని. స్కూలు ఒక స్నేహితుడికి అప్పగించి జూన్‌లో విమానమెక్కాను.

నేను దిగిన నెలలోపే ఆమె ఆఫీసు హెల్త్ ఇన్సూరెన్స్‌లో నా పేరు చేర్చాలట. ఆ సంగతి మాకు తెలిసేసరికి గడువు దాటిపోయింది. ఇక జనవరి నుంచేనన్నారు ఆఫీసువాళ్లు.

"ఆర్నెల్లేగా. మీకేం కాదులెండి," అంది ఆమె. నాకూ అలాగే అనిపించింది. జ్వరమొస్తే ఓ మాత్ర మింగి పడుకుంటే సరిపోయే ఒళ్లు నాది.

అక్టోబరులో ఒకరోజు గిన్నెలు కడుగుతుంటే ఎడమ కంట్లో మెరుపులు మెరిశాయి. తర్వాత నల్లటి నలకలు తేలాయి. ఆ తర్వాత పక్కనుంచి ఒక నీడ మెల్లగా లోపలికి జరగడం మొదలుపెట్టింది. నొప్పి లేదు. నొప్పి ఉంటే అప్పుడే పరుగెత్తేవాళ్లమేమో.

ఆమె కళ్ల ఆసుపత్రికి ఫోన్ చేసింది. అవతలివాళ్లు ముందు అడిగింది ఇన్సూరెన్స్ గురించే. లేదనగానే, ఆపరేషన్ పడితే ఎంతవుతుందో చెప్పారు. ఆమె ఫోన్ పెట్టేసి మంచం అంచున కూర్చుండిపోయింది.

"రాజమండ్రి వెళ్లి చూపించుకుంటానులే," అన్నాను.

"అంతవరకూ ఆగుతుందంటారా?"

"చూద్దాం."

టికెట్ దొరకడానికి వారం పైనే పట్టింది. విమానంలో నా ఎడమపక్క ఎవరు కూర్చున్నారో కూడా నాకు తెలియలేదు.

రాజమండ్రిలో డాక్టరుగారు చాలాసేపు లైటు వేసి చూశారు. "రెటీనా ఊడిపోయిందండి. మధ్యభాగం కూడా లేచిపోయింది. మొదట్లోనే వచ్చుంటే..." అని ఆగిపోయారు.

ఆపరేషన్ చేసి, ఊడిన పొరని అదిమి ఉంచడానికి కంట్లో గ్యాస్ నింపారు. బోర్లా పడుకోవాలన్నారు. ఆ గ్యాస్ కరిగేదాకా విమానం ఎక్కకూడదన్నారు. ధవళేశ్వరంలో అక్క వాళ్లింట్లో తల పైకెత్తకుండా గచ్చు చూస్తూ గడిపాను. అన్నం కూడా తల వంచుకునే తినేవాణ్ని. పొద్దున్నే కంట్లో చుక్కలు వేస్తూ, "ఏమన్నా కనిపిస్తోందేంట్రా?" అని అడిగేది అక్క. ఆవిడ మొహం చూడలేక, కొంచెం కనిపిస్తోందనేవాణ్ని. గ్యాస్ కరిగింది. చూపు రాలేదు. ఆ కంటికి వెలుగూ చీకటీ తేడా తెలుస్తుంది, అంతే.

మార్చిలో ఆమె ఫోన్ చేసింది. ట్యాక్స్ లెక్కలు చూసే ఆయన దగ్గర్నుంచి అప్పుడే బయటికి వచ్చిందట.

"మీకు ఇన్సూరెన్స్ లేకుండా ఉన్న నెలలకి ట్యాక్స్‌తో పాటు ఫైన్ కట్టాలంటండి. నేనుండే ఈ రాష్ట్రంలో రూలంట."

"కన్ను పోయిందని చెప్పావా?"

"చెప్పాను. దానికీ దీనికీ సంబంధం లేదన్నాడు."

అప్పుడు నేను కాలవగట్టు మీద ఉన్నాను. కోపం వస్తుందనుకున్నాను గానీ రాలేదు. చేర్చుకోమంటే గడువు దాటిందన్నవాళ్లు ఒకరు. చేరలేదని జరిమానా వేసినవాళ్లు ఇంకొకరు. ఎవరి మీద కోప్పడను?

"కట్టెయ్," అన్నాను.

వేసవిలో ఆమె వచ్చింది. రాజమండ్రి స్టేషన్ నుంచి ఆటోలో నా ఎడమపక్కన కూర్చుంది. గోదావరిలో నీళ్లు తగ్గాయనీ, ఎండలు ముదిరాయనీ దారి పొడుగునా ఏదో ఒకటి చెబుతూనే ఉన్నాను. ధవళేశ్వరంలో దిగాక ఆటో అతను గొంతు తగ్గించి అన్నాడు: "సార్, మేడంగారు ఇందాకట్నుంచీ ఏడుస్తానే ఉన్నారండి."

ఆ సాయంత్రం డాబా మీద ఆమే మొదలుపెట్టింది.

"జనవరి నుంచి మీ పేరు చేర్పించాను. ఇప్పుడు ఇన్సూరెన్స్ ఉందండి. వచ్చెయ్యండి."

"వచ్చి ఏం చేయను?"

ఒంటికన్నుతో పక్కసీట్లో కూర్చుని నేను ఎవరికీ కారు నేర్పలేను. ఆ ఊళ్లో, ఆ గదిలో, మళ్లీ ఆ సింకు ముందు నిలబడలేను.

సెలవు అయిపోగానే వెళ్లిపోయింది. రోజూ ఫోన్ చేస్తుంది. తిన్నారా అంటుంది, తిన్నానంటాను. ఆ తర్వాత ఇద్దరికీ మాట దొరకదు. అయినా వెంటనే ఎవరమూ ఫోన్ పెట్టెయ్యం.