యాకోబు తెరిచిన కళ్ళు

యాకోబు తెనాలిలో పద్దెనిమిదేళ్ళు సినిమా బ్యానర్లు వేశాడు. ఒక్కదానికీ కళ్ళు వెయ్యలేదు.

నేనేమీ ఎగతాళి చెయ్యడం లేదు, ఆ షెడ్డులో పద్ధతే అది. గురువు జగన్నాథరావు గారు గుడ్డ మీద గళ్ళు గీయించి చీరలు, నగలు, చేతులు, వెనకాల కొండలు అన్నీ శిష్యుల చేతే వేయించేవారు. ముఖాలూ వేయించేవారు. కళ్ళ చోటు మాత్రం ఖాళీగా వదిలెయ్యాలి. రంగంతా ఆరాక ఆయన స్నానం చేసి వచ్చి, అగరొత్తి వెలిగించి, జీరో నంబరు సన్నటి కుంచెతో కళ్ళు వేసేవారు. దాన్ని కళ్ళు తెరవడం అనేవారు, గుళ్ళో విగ్రహానికి చేసినట్టు. ప్రతి ఆదివారం లూథరన్ చర్చికి వెళ్ళే యాకోబు కూడా ఆ కాసేపూ చెప్పులు విప్పి చేతులు కట్టుకుని నిలబడేవాడు. ఏ శిష్యుడి బొమ్మకైనా గురువు పిలవకుండానే వచ్చి కళ్ళు తెరిస్తే వాడి పని కుదిరిందని అర్థం. ఆ జీరో కుంచె ఎవడి చేతికి ఇస్తే వాడు ఆర్టిస్టు అయిపోయినట్టే. "వచ్చే దసరాకి నువ్వు తెరుద్దువుగానిలేరా" అని యాకోబుకు మాటిచ్చారు. ఆ దసరా రాకముందే ఊళ్ళోకి ఫ్లెక్సీలు వచ్చాయి. షెడ్డు మూతపడింది, కొన్నాళ్ళకు గురువు గారూ పోయారు. ఆ కుంచెను మాత్రం ఆయన భార్య పిలిచి యాకోబు చేతిలో పెట్టింది.

ఆ తరువాత ఇరవై ఏళ్ళు యాకోబు అక్షరాలు రాసి బతికాడు. లారీల వెనక నంబర్లు, బడి గోడల మీద సూక్తులు, సమాధుల మీద పేర్లు. ముఖం వెయ్యమని అతన్ని అడిగిన మనిషి లేడు. నేను తెలుగు లెక్చరరుగా చేసి రిటైరైనవాణ్ణి. అతను రాసిన బోర్డుల్లో తప్పులు పట్టడం నాకు వ్యసనం, నా చేత చీవాట్లు తింటూ నవ్వడం అతనికి వ్యసనం. మా స్నేహం అట్లా కుదిరింది.

పోయిన సంవత్సరం బాపట్లలో ఒక సాహితీ సంఘం వాళ్ళు బొమ్మల నవలల పోటీ పెట్టారు. గెలిచినదాన్ని పుస్తకంగా వేస్తామన్నారు. సంఘం కార్యదర్శి కృష్ణకాంత్ నిబంధనల మనిషి, ఇంట్లో కాఫీ ఇచ్చినా రసీదు రాసిస్తాడని బాపట్లలో చెప్పుకుంటారు. కథకు యాభై మార్కులు, బొమ్మలకు యాభై. కథకు నేను జడ్జిని. బొమ్మలకు ఒప్పుకున్న పెద్దమనిషి ఆఖరి నిమిషంలో రానంటే యాకోబు పేరు నేనే చెప్పాను. ఆ పేరు చెప్పినందుకు ఇవాళ్టికీ నన్ను నేను తిట్టుకుంటున్నాను.

టైపు చేసిన కథల కట్ట మా ఇంటికి వచ్చింది. అసలు బొమ్మల అట్టలు యాకోబు ఇంటికి వెళ్ళాయి. మాటలు తరువాత కంప్యూటరు మీద వేస్తారట, అందుకని అట్టల మీద మాటల బుడగలు ఖాళీగా ఉన్నాయి. వేసినవాళ్ళ పేర్లు మాకు తెలియకూడదని, వాళ్ళు జతచేసిన ఉత్తరాలు కూడా కృష్ణకాంత్ తీసి బీరువాలో పెట్టాడు. అంటే కథ చదివినవాడు బొమ్మ చూడలేదు, బొమ్మ చూసినవాడు కథ చదవలేదు. ఇది ఎంత బుద్ధితక్కువ ఏర్పాటో మా ముగ్గురిలో ఒక్కడికీ తట్టలేదు.

పదకొండు కథలు వచ్చాయి. పదింటిలో హీరో ఎగురుతాడు. ఏడో నంబరు కథలో హీరో భట్టిప్రోలు దగ్గర కాలువ లాకు తలుపులు ఎత్తే లస్కరు. లాకు చక్రాన్ని ముందుకు తిప్పితే పొలాలకు నీళ్ళు పారతాయి, వెనక్కి తిప్పితే కాలం వెనక్కి పోతుంది. అతనికున్న శక్తి అదొక్కటే. చక్రం తిప్పి డెబ్భై ఏడు ఉప్పెన రోజుకు వెళ్ళి, రేపల్లె దిగువన ఒక ఇంట్లో చిక్కుకున్న అన్నాచెల్లెళ్ళను కాపాడాలని చూస్తాడు. ఏడుసార్లు వెళ్తాడు. ఏడుసార్లూ ఆలస్యమే అవుతుంది. చివర్లో ఆ పిల్లల తల్లి, ఇప్పుడు ముసలావిడ, లాకు దగ్గరికి వచ్చి అడుగుతుంది: "వాళ్ళ కళ్ళు ఎట్టా ఉండేయి నాయనా?" అతను చెప్పలేడు. కథ అక్కడితో అయిపోతుంది.

నేను ఎర్రసిరాతో పక్కన రాశాను: "హీరో అన్నాక ఒక్కరినైనా కాపాడాలి. ముగింపు తేలిపోయింది." ముప్పై ఎనిమిది మార్కులు వేశాను. ముప్పై మూడేళ్ళు పేపర్లు దిద్దిన చెయ్యి కదా, ఊరుకోదు.

రెండు రోజుల తరువాత ఉదయం నేను ఇడ్లీ తింటుంటే యాకోబు ఆయాసపడుతూ వచ్చాడు.

"సార్, ఏడో నంబరు చూశారా?"

"కథ చదివా. ఫర్లేదు."

"ఫర్లేదేంటి సార్! ఆ నీళ్ళు చూడాలండి. నల్లటి నీళ్ళు, తాటిచెట్టు తల దాకా. మా గురువు గారుంటే లేచి నిలబడేవారు. ఒక్కటే లోపమండి. ఇద్దరు పిల్లలున్నారు అందులో, వాళ్ళకి కళ్ళు లెవ్వు."

"లేకపోవడం ఏంటి?"

"ఖాళీగా వదిలేశారండి. మిగతా జనానికి అందరికీ ఉన్నాయి, ఈ ఇద్దరికే లెవ్వు."

"గడువు మీద పడి వదిలేసుంటారు. అసంపూర్తి పని. మార్కులు కొయ్యి."

అతని ముఖం చిన్నబోయింది. "కొయ్యడానికి చెయ్యి రావట్లేదు సార్. ముఖ్యమైన ముఖాలు కదండి, పెద్దవాళ్ళెవరైనా తెరుస్తారని వదిలారేమో. మా షెడ్డులో పద్ధతి అదే కదా. నన్ను తెరవమంటారా?"

పళ్ళెంలో అల్లప్పచ్చడి ఉంది. నా ధ్యాసంతా దాని మీద ఉంది. "తెరువయ్యా, నీ ఇష్టం" అన్నాను. ఆ మాట అన్నది నేను. యాకోబు ఆ తరువాత ఎంతమంది ఎన్ని మాటలన్నా, సార్ చెయ్యమన్నారని ఒక్కసారి కూడా నోరు తెరిచి చెప్పలేదు. అందుకే నేను ఇక్కడ రాస్తున్నాను.

మర్నాడు అతను తలస్నానం చేశాడు, ప్రార్థన చేసుకున్నాడు. గురువు గారి కుంచె తీశాడు. ఇరవై మూడు అట్టల మీద ఆ ఇద్దరు పిల్లలకూ నల్లసిరాతో కళ్ళు వేశాడు. యాభై అయిదేళ్ళ వయసులో తన చేత్తో తెరిచిన మొదటి కళ్ళు అవి. యాభైకి నలభై తొమ్మిది మార్కులు వేసి, ఆ ఒక్కటీ ఎందుకు తగ్గించానంటే దిష్టి తగలకుండా అని నాతో అన్నాడు.

ఏడో నంబరు ఫస్టు వచ్చింది. కవరు విప్పితే చందన అని పేరుంది. ఇరవై ఆరేళ్ళ అమ్మాయి, బాపట్లలో ఒక ఫ్లెక్సీ షాపులో డిజైన్లు చేస్తుందట. "ఫ్లెక్సీ షాపులోంచి వచ్చిందా సార్ ఆ చెయ్యి!" అని యాకోబు పడి పడి నవ్వాడు. అతను అంత హాయిగా నవ్వడం నేను అంతకు ముందు చూడలేదు.

బహుమతి సభకు ఇద్దరం బాపట్ల వెళ్ళాం. అట్టలన్నీ హాల్లో గోడకు వరసగా పెట్టారు. యాకోబు ఇస్త్రీ చొక్కా వేసుకుని వాటి పక్కనే కాపలా ఉన్నట్టు నిలబడ్డాడు. చందన నవ్వుతూ లోపలికి వచ్చింది, ఒక్కో అట్టా చూసుకుంటూ నడిచింది, నాలుగో దాని దగ్గర ఆగిపోయింది.

"ఎవరండీ ఇది చేసింది?"

"నేనేనమ్మా" అన్నాడు యాకోబు రెండు చేతులూ జోడించి. "కళ్ళు తెరిచాను తల్లీ. మా గురువు గారి కుంచెతో తెరిచాను."

ఆ అమ్మాయి కేకలు వేస్తుందనుకున్నాను. వెయ్యలేదు. గొంతు చాలా చిన్నదైపోయింది. "వీళ్ళు మా నాయనమ్మ పిల్లలండి. మా నాన్న తరవాత పుట్టాడు. ఉప్పెనకి ఇల్లంతా పోయింది, ఒక్క ఫొటో మిగల్లేదు. చెల్లి జడలు గుర్తున్నాయి ఆవిడకి, అన్న చొక్కాకి ఊడిన గుండీ గుర్తుంది. కళ్ళే గుర్తు రావట్లేదండి. ఎన్నేళ్ళ నుంచో అదే ఏడుపు. నాకు తెలియని కళ్ళు నేనెట్టా వేస్తాను? అందుకే వదిలేశాను. ఉత్తరంలో రాశాను కదండీ."

వాళ్ళ కళ్ళు ఎట్టా ఉండేయి నాయనా. నేను ఎర్రసిరా పెట్టిన మాట. అప్పుడు మొదటిసారి బొమ్మను సరిగ్గా చూశాను. పీకల దాకా నీళ్ళలో గుమ్మం పట్టుకున్న ఆరేళ్ళ పిల్లకు పొడుగాటి కాటుక, బారు రెప్పలు, కనుగుడ్డులో మెరుపు చుక్క. నిలువెత్తు బ్యానరు మీద సినిమా హీరోయిన్‌కు ఉండే కళ్ళు. పద్దెనిమిదేళ్ళు గురువు పక్కన నిలబడి యాకోబు చూసిన కళ్ళు అవే, అతనికి తెలిసిన కళ్ళూ అవే.

కృష్ణకాంత్ కాగితం తీశాడు. నాలుగో నిబంధన ప్రకారం బొమ్మలన్నీ పోటీదారు సొంత చేతివే కావాలి.

"తప్పు జడ్జీలది, శిక్ష ఆ పిల్లకా?" అని నేను హాలు దద్దరిల్లేలా అరిచాను.

"తప్పు ఎవరిదైనా వేరేవాళ్ళ చెయ్యి పడింది కదండి" అన్నాడు. బహుమతి రెండోవాడికి పోయింది. అందులో హీరో ఎగురుతాడు.

యాకోబు ఆ అమ్మాయి వెంటపడ్డాడు. తెల్లరంగు తెచ్చి కళ్ళు కప్పేస్తానన్నాడు. "వద్దండి, మళ్ళీ ముట్టుకోవద్దు" అంది. ఫోన్లో తీసుకున్న ఫొటోలు ఉన్నాయి గాని అచ్చుకు పనికిరావట. కంప్యూటరు మీద చెరిపినా ఆ సిరా కింద తను వేసిన ముఖం తిరిగి రాదట.

"మళ్ళీ వెయ్యొచ్చు కదమ్మా" అన్నాను నేను, పెద్ద మేధావిలాగా.

"మూడేళ్ళు పట్టిందండి. పుస్తకం చేతిలో పెడతానని నాయనమ్మకి మాటిచ్చాను. డాక్టరు ఆవిడకి నెలలే చెప్పాడు."

అట్టలు మూటగట్టుకుని వెళ్ళిపోయింది. ఆ వారమంతా యాకోబు పనిలోకి పోలేదు, అన్నం సరిగ్గా తినలేదని అతని భార్య రాజమ్మ వచ్చి చెప్పింది. ఆదివారం చర్చికి కూడా పోకుండా మా ఇంటికి వచ్చి, చందన వాళ్ళ ఇల్లు భట్టిప్రోలులోనే అని కృష్ణకాంత్‌ని అడిగి తెలుసుకున్నానని, వెళ్ళి ఆ నాయనమ్మ కాళ్ళ మీద పడాలని అన్నాడు. వెళ్ళి ఏం బాగుచేస్తామని నేను అడగలేకపోయాను. బస్సెక్కాం.

చందన తలుపు తీసి కుర్చీలు వేసింది. నాలుగు తిట్టినా బాగుండేది. నాయనమ్మ సుబ్బరత్నమ్మ మంచం మీద కూర్చుని ఉంది, సోడాబుడ్డి కళ్ళద్దాలు. పోటీకి పంపకముందు రోజూ ఆ అట్టలు ఒళ్ళో పెట్టించుకుని, ఇది నా బుజ్జి, వీడు నా పెద్దాడు అని వేలు పెట్టి చూపించుకునేదని చందన మెల్లగా చెప్పింది. తిరిగి వచ్చాక మాత్రం ఇవ్వకుండా దాచిందట.

యాకోబు ఆవిడ కాళ్ళు పట్టుకున్నాడు. "తప్పయిపోయిందమ్మా" అని ఏడ్చాడు. ఆవిడకు ఏమీ అర్థం కాలేదు. అతని తల నిమిరి, "ఎవరు నాయనా, ఎందుకు ఏడుస్తున్నావు?" అంది. తరువాత మనవరాలి వైపు తిరిగింది. "ఈయన బొమ్మల పోటీ ఆయనా? అట్టలొచ్చినయ్యా మరి? ఇటియ్యవే."

చందన మా వైపు చూసింది. మేము తల దించుకున్నాం. ఎన్నాళ్ళని దాస్తుంది? బీరువా వెనక నుంచి మూట తీసి, పిల్లలున్న అట్టల్లో మొదటిది ఆవిడ ఒళ్ళో పెట్టింది.

ఆవిడ అద్దాలు సరిచేసుకుంది. వేలితో జడ తడిమింది, ఊడిన గుండీ తడిమింది. వేలు పైకి వెళ్ళి ఆగింది.

"ఎవరే వీళ్ళు?"

"మనవాళ్ళే నాయనమ్మా."

"కాదమ్మా. ఎవరి పిల్లలో వీళ్ళు." అట్టను జాగ్రత్తగా పక్కన పెట్టింది, పరాయివాళ్ళ వస్తువును పెట్టినట్టు. "మన పిల్లలవి తీసుకురా."

చందన రెండో అట్ట ఇచ్చింది, మూడోది ఇచ్చింది. ఆవిడ ఒక్కొక్కటే చూసి పక్కన పెడుతూ పోయింది. ఇరవై మూడూ అయిపోయాయి. యాకోబు గోడకు ఆనుకుని కూలబడి అదంతా చూశాడు, నేను అతన్ని లేవదీసి బయటికి తీసుకొచ్చాను.

మేము గుమ్మంలో చెప్పులు వేసుకుంటుంటే లోపల ఆవిడ ఇంకా అడుగుతూనే ఉంది. "మొన్నటిదాకా ఇక్కడే ఉన్నారు గదే చందనా. మన పిల్లల్ని ఎవరికిచ్చావే?"