డేనియల్ సార్ గెలిచిన కప్పు

కార్ఖానా బజార్లో చెప్పులు కుట్టే దుకాణం ముందు నిలబడితే తోలు వాసన, దానితో పాటు కొబ్బరినూనె వాసన. ఆ రెండూ కలిసి తగిలితే నాకు డేనియల్ సార్ గుర్తొస్తారు. లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టర్ ఆయన. సాయంత్రాలు మెట్టుగూడలో మా బడి మైదానంలో జీతం లేకుండా బేస్‌బాల్ నేర్పేవారు. చిరిగిన గ్లవుజులు తానే కుట్టి, కొబ్బరినూనె రాసి ఎండలో పెట్టేవారు. నేను నాలుగడుగులు పరుగెత్తితే ఆయాసపడే పిల్లాణ్ణి. మిగతా మాస్టర్లు నన్ను గేటు దగ్గర కూర్చోబెడితే, ఆయన స్కోరు పుస్తకం చేతికిచ్చారు. "ఆడకుంటే ఏమాయె? నువ్వు రాయి. ఎవరెట్ల ఔటైండ్రో చూసి రాయాలె, ఊహించి రాయొద్దు," అన్నారు. నాకు రాయడమంటూ వచ్చింది ఆ పుస్తకంలోనే.

తర్వాత ఒక దినపత్రికలో ఆటల పేజీకి చేరాను. ఆ రోజుల్లోనే సార్ తయారుచేసిన బడి అమ్మాయిల జట్టు, ఏళ్ల తరబడి ఓడి ఓడి, రాష్ట్ర ఛాంపియన్‌షిప్ గెలిచింది. ఆయన స్కోరు పుస్తకం పట్టుకుని నేరుగా ఆఫీసుకొచ్చారు. "జెర మంచిగ రాయి బిడ్డా. బడి కమిటీవాళ్లు మన మైదానం క్రికెట్ అకాడమీకి ఇస్తమంటున్నరు. పేపర్ల జూస్తే మన ఆట సుత ఒకటున్నదని తెలుస్తది."

పేజీ పంపే వేళ దగ్గరపడింది. బేస్‌బాల్ మాటలన్నీ పాఠకులకు ఎవరు విడమర్చి చెబుతారని బద్ధకించాను. పిచర్‌ని బౌలర్‌ని చేశాను. హోమ్ రన్‌ని సిక్సర్‌ని చేశాను. చివరి ఇన్నింగ్స్ కాస్తా చివరి ఓవరైంది. ముగ్గుర్ని ఔట్ చేసిన తొమ్మిదో తరగతి అమ్మాయికి మూడు వికెట్లు కట్టబెట్టాను. అప్పుడది గొప్ప తెలివిగా కూడా అనిపించింది, నా పొగరు కాకపోతే.

మరే పేపర్లోనూ ఒక్క ముక్క రాలేదు. వేరే దారి లేక సార్ నా వార్తనే కమిటీ ముందు పెట్టారు. బడి కరస్పాండెంట్ చదివి నవ్వాడట. "ఇది క్రికెట్టే గద డేనియల్? అకాడమీవాళ్లు ఇంతకన్న మంచిగ నేర్పుతరు." నెల తిరగకుండా మైదానంలో క్రికెట్ వలలు కట్టారు. అమ్మాయిల జట్టు చెల్లాచెదురైంది.

తల దించుకుని సార్ ఇంటికెళ్లాను. టీ ఇచ్చి అడిగారు. "నీకు తెల్వంది కాదు గద బిడ్డా. గట్లెట్ల పడ్డది?"

"ఆఫీసులో మార్చేశారు సార్," అన్నాను. నోరు తడబడనైనా లేదు.

"నేననుకున్న. పెద్దోళ్లకు మనమేం జెప్తం? నువ్వు పరేషాన్ గాకు," అని ఆయనే నా భుజం తట్టారు. నాలుగు తిట్టినా బాగుండేది.

కిందటేడు సార్ పోయారు. సమాధుల తోట నుంచి తిరిగొస్తుంటే ఆయన భార్య గ్రేసమ్మగారు నా చేయి పట్టుకున్నారు. "జట్టు పిల్లలు నిన్ను తిడ్తుంటే మా సార్ ఒప్పుకోకపోతుండె. వాడు నా దగ్గర నేర్చుకున్నోడు, తప్పు రాయడు, ఆఫీసోళ్లే మార్చిండ్రని కొట్లాడుతుండె. ఆఖరిదాకా అదే మాట."

నిజం చెప్పడానికి నాకు మిగిలిన అవకాశం అదొక్కటే. "అవునమ్మా, ఆఫీసులోనే మార్చారు," అన్నాను. ఆ అమ్మాయిల్లో ఎవరైనా ఎదురొస్తే ఇప్పటికీ పక్క సందులోకి తిరిగిపోతాను.