ముందర కూర్చునే మనిషి బరువు

మా మేనమామ పోయాడని మహదేవపూర్ నుంచి ఫోను వచ్చినప్పుడు నేను చిట్యాలలో పిల్లలకు డబ్బాలు కడుతున్నాను. పొద్దున వలలు సర్దుకుంటూ కూర్చున్న మనిషి కూర్చున్నట్టే ఒరిగిపోయాడట. ఆసుపత్రికి తీసుకుపోయే వ్యవధి కూడా ఇవ్వలేదు. బాధపడకుండా పోయాడని వచ్చినవాళ్లంతా ఊరడించారు. ఆ మాట వింటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఆయన పడకుండా పోయిన బాధంతా మా అత్త పడుతోంది.

మీకు ఆయన తెలియదు. గోదావరి మీద చిన్న పడవతో చేపలు పట్టుకుని బతికిన మనిషి. మా వైపు చాలా పడవల్లో ఆలుమగలిద్దరూ కలిసే చేపలకు పోతారు. మామ ముందర కూర్చుని వల జారవిడిచేవాడు, అత్త వెనక కూర్చుని తెడ్డు వేసేది. గాలికి మాట వినపడదు కాబట్టి ఆయన పడవ అంచు మీద వేళ్ల కణుపులతో కొట్టేవాడు. ఒక దెబ్బ కొడితే మెల్లగా, రెండు కొడితే ఆపు. "నోరు మూసుకొని కాపురం చేసుడంటే మాదే బిడ్డా" అని నవ్వేవాడు.

నిరుడు అత్త కుడి భుజం పట్టేసింది. తెడ్డు ముట్టుకోవద్దని డాక్టరు చెప్పాడు. తెడ్డు లేకపోతే చేపలు లేవు. వాళ్లిద్దరికీ ఇంకో పని రాదు. అప్పటి నుంచి మామకు మోటారు పిచ్చి పట్టుకుంది.

తోటివాళ్లు పెట్రోలు ఇంజను పెట్టుకోమన్నారు. "గది మొత్తుకుంటాంటె నేను కొట్టేది మీ అత్తకు ఎట్ల ఇనపడ్తది?" అన్నాడు నాతో. బ్యాటరీ మీద నడిచే చిన్న మోటారు చప్పుడు చేయదని ఎవరో ఫోనులో చూపిస్తే ఇక దాని వెంట పడ్డాడు. నన్ను వెంటబెట్టుకుని భూపాలపల్లి దుకాణానికి పోయాడు. దుకాణదారు అన్నిటికంటే పెద్దది అంటగట్టాలని చూశాడు. "ఉరుకుడు నాకెందుకన్నా? వల జారినంత మెల్లగ పోతె చాలు" అన్నాడు మామ. ప్రతి మోటారు పిడినీ ఎడమ చేత్తో తిప్పి చూశాడు. అత్తకు మిగిలింది ఆ చెయ్యే కదా. ఇంట్లో ఉన్న పాత ట్రాక్టరు బ్యాటరీ పనికొస్తుందా అని అడిగాడు. అది బండిని ఒక్క ఊపుతో లేపడానికే తప్ప గంటల తరబడి నడిపించడానికి కాదని దుకాణదారు చెబితే బుద్ధిగా తలూపి, మోటారుకు తగిన బ్యాటరీ కూడా కలిపి పంపమన్నాడు.

చిక్కంతా మోటారు రాడ్డు దగ్గర వచ్చింది. మోటారును పడవ వెనక చెక్కకు బిగిస్తారు. రాడ్డు పొట్టిదైతే రెక్కలు నీళ్ల పైకి తేలి ఉత్తగా తిరుగుతాయి. పొడుగైతే ఇసుకలో దిగబడతాయి. మామ వెదురు కట్టెకు గాటు పెట్టి కొలత తెచ్చాడు. దుకాణంలో ఆ కొలత చెప్పి బస్సెక్కాక నెత్తి కొట్టుకున్నాడు. కొలిచినప్పుడు అత్తను ముందర కూర్చోబెట్టి తాను వెనక కూర్చున్నాడట! భారీ మనిషి. ఆయన ముందరికి పోతే పడవ వెనక భాగం లేస్తుంది. ఇంటికి పోగానే పడవను నీళ్లలో దించి, తన చోట తాను కూర్చుని, తడి వలలు కూడా ఎక్కించి, అత్త చేత మళ్లీ కొలిపించాడు.

"పెండ్లికి గూడ నన్ను గింత చూసుకోలే" అని అత్త విసుక్కుంది.

"అప్పుడు నీ భుజం మంచిగుండె" అన్నాడాయన.

దుకాణానికి ఫోను చేసి పొడుగు రాడ్డుదే పంపమన్నాడు.

ఆయన పేరున పిట్టకు, అదే కాకికి, ముద్ద పెట్టి ఏటి నుంచి మేము తిరిగొచ్చేసరికి ఆ మోటారు పెట్టె అరుగు మీద ఉంది. ఎవరి మీద అరవాలో నాకు తెలియలేదు. తిప్పి పంపుదామంటే అత్త ఒప్పుకోలేదు. "మోటరు నేను నడుపుత. వల ఎవరు ఇడుస్తరు బిడ్డా?" అని మాత్రం అడిగింది.

కర్మలయ్యాక ఒక పొద్దున అత్త మోటారు బిగించమంది. ఆమె వెనక కూర్చుంది, నేను ఆమె పక్కన. గట్టు విడవకముందే వెనక కుంగి రెక్కలు ఇసుకను గీరాయి. మోటారు మంచిదే, కొలత కూడా సరైనదే. ముందర మామ కూర్చుంటాడని కొన్న మోటారు అది. నేను ముందరికి జరగబోతే అత్త నా చెయ్యి పట్టుకుంది.

"ఆయన జాగల ఎవ్వరు కూసోవద్దు. ఇసుక బస్తా పెట్టు."

పెట్టాను. పడవ సమంగా నిలిచింది. మోటారు తిరిగింది, ఆయన కోరుకున్నట్టే ఏ చప్పుడూ లేకుండా. అత్త ఎడమ చేత్తో పిడి పట్టుకుంది. ఎప్పుడూ వల దించే చోటు వచ్చింది. దాటిపోయింది కూడా.

"అత్తా, ఆపవా?" అన్నాను.

ఆమె నా మాట వినడం లేదు. తల కొంచెం వంచి, పడవ అంచు వైపు చెవి పెట్టి ఉంది. పడవ పోతూనే ఉంది.