మా ఆయనకు తగిన ఫిన్స్

మా ఇంట్లో ఏది కొన్నా కాస్త మిగులు చూసుకునే కొంటాం. పిల్లలకు వింటర్ జాకెట్లు రెండేళ్లు వచ్చేలా కొన్న చేతులు ఊరికే మారవు కదా! మోకాలి ఆపరేషన్ తర్వాత మా ఆయన కొత్త ఫిన్స్ కొన్నప్పుడూ అదే జరిగింది.

గాలి సిలిండర్ లేకుండా, ఊపిరి బిగబట్టి నీళ్ల అడుక్కి వెళ్లే ఫ్రీడైవింగ్ మా ఇద్దరికీ యాభై దాటాక పట్టిన పిచ్చి. దానికి కాళ్లకు తొడుక్కునే, చేప తోకల్లాంటి ఫిన్స్ బారెడు పొడవుంటాయి. గట్టివైతే ఒక్క తన్నుకే చాలా దూరం పోతాం. కాకపోతే కాలిలో ఆ సత్తువ ఉండాలి, లేకపోతే పిక్కలు పట్టేస్తాయి. ఈ సంగతి నాకు నేర్పిన మా ఆయనే షాపులో అన్నిటికన్నా గట్టివి ఎంచుకున్నారు.

"కాలు కోలుకున్నాక కరెక్ట్‌గా సరిపోతాయిలే."

"అందాకా షోకేసులో పెడదామా?" అన్నాను.

ఎటోబికోలో మేం ప్రాక్టీస్ చేసే పూల్‌లో మొదటి రోజే ఆయనకు పిక్క పట్టేసింది. గోడ పట్టుకుని పళ్లు బిగించారు. కోచ్ మెత్తటి ఫిన్స్ తెచ్చి, ఇవి వేసుకుని చూడమంటే ముట్టుకోలేదు. పిక్క రుద్దుతుంటే ఆ కాలు ఎంత సన్నబడిందో నా చేతికి తెలిసింది. జాలేసింది. దానికి రెట్టింపు కోపమొచ్చింది.

మా ఊరు మిల్టన్‌కు తిరిగొస్తుంటే కారులో అన్నారు, "ఇంక నేను మానేస్తా. నువ్వు వేరే బడ్డీని చూసుకో."

ఒకరు మునిగితే ఇంకొకరు పైనుంచి కనిపెట్టుకుని ఉండాలి. కింద స్పృహ తప్పితే పైకి తీసుకురావాలి. బడ్డీ అంటే అదే. ఇన్నాళ్లూ నాకు ఆయన, ఆయనకు నేను. ఆ మాటతో నాకు ఒళ్లు మండింది.

"మెత్తవి వేసుకుంటే పరువు పోతుందా?"

"పరువు కాదే. సమ్మర్‌లో లేక్‌కి వెళ్తాం. నువ్వు కింద ఉండిపోతే? ఈ కాలితో, ఆ మెత్తవాటితో, నిన్ను పైకి తేలేకపోతే?"

డ్రైవ్ చేస్తున్నది నేను. కళ్లు తుడుచుకోవడానికి కూడా వీల్లేకపోయింది.

మరుసటి ఆదివారం ఆ మెత్తటి ఫిన్స్ నేనే అడిగి తెచ్చి ఆయన ముందు పెట్టాను. "నేను అడుక్కి వెళ్లి పడుకుంటా. వచ్చి తీసుకెళ్లండి. మీవల్ల కాకపోతే ఇద్దరం మానేద్దాం" అన్నాను. కోచ్ పక్కనే ఉంటానన్నాడు.

పూల్ అడుగున కళ్లు మూసుకుని, ఒళ్లు వదిలేసి పడుకున్నాను. కాసేపు ఏమీ లేదు. రారేమో అనుకున్నాను. అంతలో ఒక చెయ్యి నా గడ్డాన్ని పట్టుకుంది, ఇంకొకటి తల వెనక్కి వచ్చింది. ఆయన కాళ్లు చిన్నగా, తొందర లేకుండా ఆడుతున్నట్టు తెలుస్తోంది. ఎక్కడా ఆగలేదు.

నీళ్ల పైకి రాగానే, నేర్చుకున్నట్టే, నా మాస్క్ తీసేసి, చెంప తట్టి, ముఖం మీద ఊదారు. "ఊపిరి తీసుకో" అన్నారు. తీసుకున్నాను. బాగా చేశారు, ఇక చాలన్నాడు కోచ్. ఆయనకు వినబడినట్టు లేదు.

"తీసుకో... ఊపిరి తీసుకోవే!"

"తీసుకుంటున్నానండీ" అన్నాను.

అయినా నన్ను వదల్లేదు.