అక్షరాలు లేని పుస్తకం

మా బడిలో ఒకటి, రెండు తరగతుల పిల్లల కోసం చిన్న గ్రంథాలయం పెట్టాలనుకున్నారు. నలభై బొమ్మల పుస్తకాలు ఏరే పని ప్రిన్సిపాల్ నాకు అప్పజెప్పారు. భిలాయి సెక్టర్ 4లోని ఆ ప్రైవేటు బడిలో అప్పటికి పందొమ్మిదేళ్లుగా నేను రెండో తరగతికి చెబుతున్నాను. "చదివే అలవాటున్నది మీకే మేడమ్, మీరే చూడండి" అని ఆవిడ హిందీలో అంటే పొంగిపోయాను. ఇప్పుడు తలుచుకుంటే అలా పొంగిపోయినందుకు నా మీద నాకే కోపం వస్తుంది.

మూడు ఆదివారాలు పక్కూరు దుర్గ్‌లో ఒక పుస్తకాల దుకాణంలో నేల మీద చతికిలబడి పుస్తకాలు తిరగేశాను. పిల్లల పేరు చెప్పి ఎంత చెత్త అచ్చేస్తున్నారో అప్పుడు తెలిసింది. అబద్ధమాడిన కుందేలుకు శిక్ష. పాలు తాగని పాపకు శిక్ష. అమ్మ మాట వినని చేపకు శిక్ష. నాన్న అంటే టై కట్టుకుని ఆఫీసుకు వెళ్లే మనిషే. మా బడి పిల్లల నాన్నలు హెల్మెట్ పెట్టుకుని ఉక్కు కర్మాగారంలో షిఫ్టుకు వెళ్తారు, పట్టపగలు కిటికీలు మూసుకుని పడుకుంటారు. అలాంటి నాన్న ఒక్క పుస్తకంలో కూడా కనిపించలేదు.

దుకాణదారు నన్ను నమ్మి పుస్తకాలు ఇంటికి ఇచ్చేవాడు. వైశాలి నగర్‌లో మా పక్కింటి పిల్లలిద్దరి ముందు వాటిని పరిచేదాన్ని. వాళ్లు రెండోసారి కావాలని అడిగినవి ఉంచుకున్నాను, అడగనివి తిరిగి ఇచ్చేశాను. అలా మిగిలినవాటిలో అక్షరాలు లేని పుస్తకం ఒకటి ఉంది. ఒక మేక గూడ్సు బండి ఎక్కేస్తుంది. వాన, సొరంగం, వంతెన దాటి ఎక్కడో తెలియని స్టేషన్లో దిగుతుంది. కథంతా బొమ్మల్లోనే ఉంది, ఒక్క ముక్క రాసి లేదు.

నా తరగతిలో చరోదా రైల్వే కాలనీ నుంచి వచ్చే పాప ఒకతె ఉండేది. తండ్రి గూడ్సు బండి గార్డు. అప్పటిదాకా శ్రీకాకుళం వైపు అమ్మమ్మ దగ్గర పెరిగింది, కొత్తగా ఇక్కడికి తెచ్చారు. హిందీ రాదు, ఇంగ్లీషు రాదు. మూడు నెలలు గడిచినా తరగతిలో నోరు విప్పలేదు. స్టాఫ్ రూములో ఒకావిడ "ఆ పిల్ల మూగదా?" అని అడిగింది కూడా.

ఏరిన పుస్తకాలు బడికి తెచ్చిన రోజు ఆ మేక పుస్తకం తెరిచి పిల్లల మధ్య పెట్టాను. నేనేమీ చెప్పలేదు. రెండు పేజీలు తిప్పేసరికి ఆ పాప ముందుకు జరిగి బొమ్మ మీద వేలు పెట్టింది.

"మేకకి బయ్యమేస్తంది టీచర్. సెవులు సూడండి, ఎలా ఎట్టిందో."

నేను కదలలేదు. కదిలితే ఆగిపోతుందేమోనని భయం.

"ఇది ఆకరి డబ్బా. మా నాన్న ఇందులోనే కూకుంటాడు. మేకని సూస్తే దించేస్తాడు. అందుకే అది దాక్కుంది."

"క్యా బోల్ రహీ హై?" అన్నాడు ఒక హిందీ పిల్లవాడు. ఇంట్లో తెలుగు మాట్లాడే ఇంకో పిల్ల అతనికి హిందీలో చెప్పింది. ఆ పాప చెప్పడం, ఈ పిల్ల హిందీలోకి మార్చడం, తక్కినవాళ్లు పుస్తకం మీదికి వంగి వినడం. గంట కొట్టినా ఒక్కరూ లేవలేదు.

మర్నాడు పుస్తకాలు ఖాయం చేసే బడి కమిటీ ముందు వాటిని పెట్టాను. కమిటీ పెద్ద మన తెలుగాయనే, ఉక్కు కర్మాగారంలో కాంట్రాక్టులు చేసి రిటైరయ్యారు. మేక పుస్తకం చేతిలోకి తీసుకుని ముందు నుంచి వెనక్కి, వెనక నుంచి ముందుకి తిప్పారు.

"ఇందులో ఏటీ రాసి లేదు కదమ్మా. పిల్లలు ఏటి సదువుతారు?"

"బొమ్మలు చదువుతారండి. నిన్ననే నా తరగతిలో చదివారు."

"బొమ్మలు సూస్తారమ్మా, సదవరు. పేజీకి అయిదారు లైన్లైనా ఉండాల. ఆకర్ని నీతుండాల. లేకపోతే తల్లిదండ్రులు మనల్నడుగుతారు."

ఆ పాప సంగతి చెప్పాను. "తెలుగులో మాట్లాడితే మనకేం లాభం మేడమ్? ఇది ఇంగ్లీషు మీడియం" అన్నారు ప్రిన్సిపాల్. నలభైలో ఏడు మిగిల్చి, మేక పుస్తకంతో సహా తక్కినవి వెనక్కి పంపేశారు. వాటి బదులు మెరిసే అట్టల నీతికథల సెట్లు వచ్చాయి, ప్రతి కథ చివరా ప్రశ్నలతో. ఒక్క పిల్లవాడికైనా చూపించి తెచ్చిన పుస్తకాలు కావవి.

అంతవరకు ఓర్చుకున్నాను. వారం తర్వాత నోటీసు బోర్డు మీద పుస్తకాల జాబితా అంటించారు. కింద "ఎంపిక: రెండో తరగతి టీచర్" అని ఉంది. చదవగానే ఒళ్లు మండిపోయింది. పెన్ను తీసి ఆ లైను కొట్టేశాను. తల్లిదండ్రులు కొందరు చూస్తూనే ఉన్నారు.

ప్రిన్సిపాల్ గదిలోకి పిలిపించారు. "ఒక్క మేక పుస్తకం కోసం ఇంత గొడవా?"

"ఏరింది మీరు, పేరు నాదా? మీ పేరే రాయించండి మేడమ్."

మర్నాడు జాబితాలో లేని పుస్తకాలు తరగతిలోకి తేకూడదని సర్క్యులర్ వచ్చింది. నేను దుర్గ్ వెళ్లి మేక పుస్తకం సొంతానికి కొనుక్కున్నాను. భోజనాల బెల్లులో వరండా మెట్ల మీద కూర్చునేదాన్ని. తరగతిలోకి తేవద్దన్నారు గానీ మెట్ల సంగతి ఎవరూ రాయలేదు. పిల్లలు డబ్బాలు పట్టుకుని చుట్టూ చేరేవారు. ఆ పాప రోజూ కథ మార్చి చెప్పేది. మొదట తెలుగులో, తర్వాత హిందీ కలిపి, మాఘమాసం వచ్చేసరికి ఎవరి సాయమూ లేకుండా హిందీలోనే.

ఏడాది చివరి సభలో ఆ పాపను వేదిక ఎక్కించి ఒక నీతికథ చదివించారు. బాగానే చదివింది. కమిటీ పెద్ద మైకు తీసుకుని, కొత్త పుస్తకాలు వచ్చాక మూగగా ఉన్న పిల్లలు కూడా మాట్లాడుతున్నారని చెప్పారు. అందరూ చప్పట్లు కొట్టారు.

నేను ఊరుకున్నానని రాస్తే అబద్ధమవుతుంది. కూర్చున్న చోటే లేచి నిలబడ్డాను. "ఆ పాప మూగది కాదండి. దాన్ని మాట్లాడించింది మీరు వెనక్కి పంపిన పుస్తకం" అన్నాను. వెనక వరసలో యూనిఫాంలో ఉన్న గార్డు, ఆ పాప తండ్రి, నా వైపు చూసి చేతులు జోడించారు. తర్వాత టీలు వచ్చాయి.

జూన్లో నాకు అయిదో తరగతి ఇచ్చారు. అక్కడ బొమ్మల పుస్తకాలు ఉండవు. రెండో తరగతికి వచ్చిన కొత్త టీచరమ్మాయిని కూడా ఈ ఏడాది ఇరవై పుస్తకాలు ఏరమన్నారట. ఎలా ఏరాలో అడగడానికి మొన్న మా ఇంటికి వచ్చింది. పిల్లలతో నేల మీద కూర్చుని చూడమన్నాను. జాబితా కింద తన పేరు వేసే ముందు అందులో ఉన్నవి తను ఏరినవో కావో ప్రతి పుస్తకమూ తనే సరిచూసుకోవాలని గట్టిగా చెప్పాను.