కౌజు ఈకల పద్ధతి

కౌజు పిట్టను పట్టకుండా, చంపకుండా దాని వంశం కనుక్కోవచ్చు. పొద కింద రాలిన ఈక చాలు. ఈక కాడలో ఒకచోట ఆవగింజకన్నా చిన్న నెత్తురు గడ్డ ఉంటుంది. దాన్ని బ్లేడుతో జాగ్రత్తగా కోసి తీస్తే డీఎన్‌ఏ దొరుకుతుంది. ఈ పని నేర్పమని ఒక పెద్ద ల్యాబుకు రాసి అడిగితే జవాబే రాలేదు. మదనపల్లె కాలేజీలో పాఠాలు చెప్పుకుంటూ, సంచులకొద్దీ ఈకలు పాడుచేసి నేర్చుకున్నాను. అందుకే నాకు తెలిసింది ఎవరడిగినా చెప్పాలనుకున్నాను.

ఆ ఈకలు ఎక్కడ దొరుకుతాయో చూపించింది పుంగనూరు దగ్గరి పల్లెలో ఒక పెద్దాయన. వయసులో ఉండగా ఉచ్చులేసి కౌజుల్ని పట్టి సంతలో అమ్మినవాడు. ఎప్పుడో మానేశాడు. నేనూ కూలోళ్ల బిడ్డనేనని తెలిశాక ‘మేడం’ మాని ‘పాపా’ అన్నాడు. తెల్లారేసరికి ఊరి పక్క గుట్ట కింద నిలబడి ఉండేవాడు.

“ఈ కంపలో నాలుగు పండుకుంటాయి. మెల్లగా రా పాపా, బెదురుతాయి.”

కౌజుల మీద పనిచేసే నలుగురైదుగురం ఫోన్లో ఒక గ్రూపుగా ఉండేవాళ్లం. కుప్పంలో లెక్చరరుగా ఉన్నాయన ఒకరోజు అడిగాడు. “మేడం, మీ పద్ధతి మొత్తం రాసి పెట్టండి. మాకూ పనికొస్తాది.”

రాశాను. బ్లేడు ఎలా పట్టాలో, ఏ మందు ఎంత వెయ్యాలో, అన్నీ. ఏ ఈక ఏ నంబరు పొద కింద దొరికిందో ఆ పట్టిక, మ్యాపులో గుర్తులు కూడా చేర్చి, ఎవరైనా తెరిచి చూసుకునేలా ఇంటర్నెట్లో పెట్టాను. పొదలు దాచాలన్న ఆలోచనే రాలేదు.

ఆ వేసవిలో గుట్ట మీద వలలు దొరికాయి. ఉచ్చులేసేవాడని పాత పేరుండటంతో ఫారెస్టు గార్డులు పెద్దాయనను పట్టుకుపోయారు. సంగతి నాకు తెలిసి నేను వాళ్ల ఆఫీసుకు వెళ్లేసరికి రెండు రోజులైంది. ఆయన కుడి చెయ్యి మణికట్టు దగ్గర వాచిపోయి ఉండింది. అంతకు కాసేపటి ముందే బైకు మీద వలలతో పోతున్న ఇద్దరు దొరికారట. గార్డులు వాళ్ల ఫోను నా ముందు పెట్టారు. అందులో నేను పొదలకు వేసిన నంబర్లే ఉన్నాయి.

“ఈ పట్టిక నాది” అన్నాను.

ఆయన్ను వదిలేశారు. ఇంటికి తీసుకుపోతుంటే దారిలో చెప్పాను, తప్పు నాదేనని.

“ఆ కంపలు నీకు సూపించింది నేనే గదా పాపా. ఎందుకు రాసినావు?”

ఆ రాత్రే కంప్యూటరు ముందు కూర్చున్నాను.

పట్టిక తీసేశాను. అప్పటికే ఎందరు దించుకున్నారో తెలియదు. కుప్పం ఆయన ఫోన్ చేశాడు. శాంతిపురం వైపు కౌజులుండే చోట్లని తాను గుర్తు పెట్టినవి కూడా నన్ను చూసే ఆ పట్టికలో చేర్చాడట. “ఇప్పుడు ఆడ ఒక్క కూతా వినపడటంలే మేడం” అన్నాడు.

వానలు పడ్డాక ఒక్కదాన్నే గుట్టకు పోయాను. పదకొండు పొదలు వెతికాను. ఈకలున్నాయి గానీ అన్నీ ఒక్కచోటే, కుప్పగా, పీకి పారేసినవి. వాటిలో ప్రతి కాడలోనూ నెత్తురుంది. ఒక్కటీ సంచిలో వేసుకోలేకపోయాను.

పెద్దాయన ఇంటికి పోతే కోడలు గడప దగ్గరే ఆపింది. “నిద్రపోతాండాడమ్మా” అంది. లోపల ఆయన దగ్గు వినపడుతూనే ఉండింది.