కోపం కాదు, అలసట

అత్తయ్య అరనిమిషం మాట్లాడకపోతే మా కళ్ళజోళ్ళ మామయ్యకు ముచ్చెమటలు పట్టేవి. "ఏమే, నా మీద కోపమా?" అనేవాడు. ఆవిడ సూదిలో దారం ఎక్కిస్తున్నా అంతే, నోట్లో బ్రష్షు ఉన్నా అంతే.

"లేదండీ" అంటే, "ఆ అన్న తీరులోనే ఏదో ఉంది" అనేవాడు. ఊరుకుంటే, "చూశావా, ఊరుకున్నావు!" అనేవాడు. తన కళ్ళజోళ్ళ దుకాణంలో కంటిపరీక్ష సగంలో ఆపేసి ఇంటికి ఫోను చేసేవాడు. కుర్చీలో ఉన్న పెద్దమనిషి ఒక కన్ను మూసుకుని ఆ సంసారమంతా వినేవాడు.

అత్తయ్యది బస్టాండులో విచారణ కౌంటరు ఉద్యోగం. పొద్దుటి నుంచీ జవాబులు చెప్పీ చెప్పీ ఇంటికొస్తే, అక్కడ ఇంకో ప్రయాణికుడు కాచుక్కూర్చునేవాడు. మనసు బాగోలేకపోతే గదిలోకి పోయి తలుపేసుకోవడం ఆవిడ స్వభావం. తలుపు పడితే మామయ్యకు ప్రాణం పోయినంత పని. ఆవిడ వెనక్కి జరిగినకొద్దీ ఈయన ముందుకు జరిగేవాడు.

ఒక మధ్యాహ్నం అత్తయ్య సంచీ సర్దుకుని మా ఇంటికి వచ్చేసింది.

"కోపం లేదు వదినా. లేదని చెప్పీ చెప్పీ అలిసిపోయాను" అంది మా అమ్మతో.

అమ్మకు తమ్ముడి మీద ఒళ్ళు మండింది. "ఇన్నేళ్ళు వాణ్ణి ఎలా భరించావే తల్లీ?"

అత్తయ్య కొంచెం ఆలోచించింది. "మా పుట్టింట్లో జ్వరంతో ముసుగుతన్ని పడుకున్నా పలకరించేవాళ్ళు లేరు. నోరెత్తని పిల్ల అని మురిసిపోయేవాళ్ళు. ఏమైందని నన్ను మొదట అడిగింది ఈయనే. ఏం చెప్పాలో కూడా తెలీలేదు నాకు. కాకపోతే, అడిగి ఊరుకోరు, అదీ బాధ."

ఇంతలో మామయ్య పరుగున వచ్చాడు. కళ్ళజోడు తలకిందులుగా ఉంది.

"కోపమా అని అడిగావో, గడప దాటనివ్వను" అంది అమ్మ.

"నేను తలుపేసుకుంటే వెళ్ళిపోయినట్టు కాదండీ. పడుకున్నట్టు" అంది అత్తయ్య. "లేచాక నేనే చెబుతాను."

"తప్పకుండా చెబుతావుగా?"

"అదీ ప్రశ్నేరా!" అంది అమ్మ.

అత్తయ్య పడుకుంది. మామయ్య వాకిట్లో స్టూలేసుకుని, కేకలేసుకుంటూ వచ్చిన పాతసామాన్లవాణ్ణి రెండు చేతులూ జోడించి వెనక్కి పంపాడు. తాను మాత్రం కిక్కురుమనలేదు.

సాయంత్రం ఆవిడ లేచి వచ్చి మెట్టు మీద కూర్చుంది. ఎవరూ అడగకుండానే మొదలుపెట్టింది. కౌంటరుకు కొత్తగా వచ్చిన అధికారి జనం ముందు తనను కేకలేశాడట. కొన్నాళ్ళుగా అదే తంతట.

మామయ్య దిగ్గున లేచాడు. "ఎవడు వాడు?"

"కూర్చోండి. ఇంకా అవలేదు."

కూర్చున్నాడు. అమ్మ రెండు కప్పుల టీ మెట్టు మీద పెట్టి, నన్ను కళ్ళతోనే లోపలికి రమ్మంది.